మొదటి ఇన్వాయిస్ తారీఖు
(మహాసభల వ్యాపార సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

పక్క హాల్లో సినిమా తారలున్నారు. ఎదురు హాల్లో గుత్తివంకాయ కూర ఉంది. ఆ రెండూ వదులుకుని, అకౌంటెంటు లైసెన్సు గురించి, మురుగునీటి యంత్రాల పేటెంట్ల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. ముందు మీ ఓపికకు ఒక దణ్ణం.

ఈ రెండింటికీ పొత్తేమిటని కార్యవర్గం వారు నన్నడిగారు. ఆ పొత్తు మా ఇంట్లోనే ఉంది. నేను సీ.పీ.ఏ.ని. మా అక్కగారి భర్త, అంటే మా బావగారు, మురుగునీటి శుద్ధి ఇంజనీరు. మా ఇద్దరి మధ్య జరిగిన ఒక పొరపాటు చెప్పడానికే ఈ పావుగంట అడిగి తీసుకున్నాను.

ముందు లైసెన్సు సంగతి. నేను విజయవాడలో సీ.ఏ. పూర్తి చేసి, 1994లో ఈ దేశంలో దిగాను. మన చదువు చూసి ఎర్ర తివాచీ పరుస్తారనుకున్నాను. మార్కుల పత్రాలు పంపితే, నా మూడేళ్ళ బీ.కామ్ కి 90 క్రెడిట్లు లెక్కకట్టి, మిగతావి కాలేజీలో చదువుకుని రమ్మన్నారు. ఇక్కడ సీ.పీ.ఏ. లైసెన్సు కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది కాదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు అకౌంటెన్సీ బోర్డు ఇస్తుంది. పరీక్ష అందరికీ ఒకటే, నిబంధనలు మాత్రం ఎవరివి వారివి. మన సీ.ఏ.కి ఇక్కడ నేరుగా గుర్తింపు లేదు. పగలు ఒక మోటెల్లో లెక్కలు రాస్తూ, రాత్రి తరగతులకు వెళ్ళి, 1997లో రెండు రోజుల పరీక్ష పెన్సిలుతో రాశాను. మరుసటి ఏడు లైసెన్సు చేతికొచ్చింది. మా ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించి వేంకటేశ్వరస్వామి పటం పక్కనే తగిలించింది.

ఇప్పటి పిల్లలకు దారి కొంత సులువైంది. 2004 నుంచి పరీక్ష కంప్యూటరు మీదే. 2024 నుంచి మూడు తప్పనిసరి భాగాలు, ఒకటి మనం ఎంచుకునేది. ప్రతిదానిలోను 75 రావాలి. 2020 నుంచి హైదరాబాదులో కూర్చుని కూడా రాయవచ్చు. 150 క్రెడిట్లు ఉండి తీరాలన్న నియమం కూడా సడలుతోంది. ఒహాయో రాష్ట్రం 2025లో చట్టం చేసి, 2026 జనవరి నుంచి బ్యాచిలర్ డిగ్రీ, రెండేళ్ళ అనుభవం, పరీక్ష ఉంటే చాలంది. మరికొన్ని రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. కాబట్టి ఫీజు కట్టే ముందు మీ రాష్ట్రపు బోర్డు నిబంధనలు ఒకసారి చదువుకోండి.

ఇక బావగారి సంగతి. మురుగునీటి శుద్ధిలో అసలు పనివాళ్ళు సూక్ష్మజీవులు. 1914లో మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు మురుగునీటిలోకి గాలి ఊది, అడుగున పేరుకున్న మడ్డిని పారబొయ్యకుండా మళ్ళీ కొత్త మురుగులో కలిపారు. మనం పాలలో తోడు వేసినట్టన్న మాట. వారాలు పట్టే శుద్ధి గంటల్లోకి వచ్చింది. ఈనాటికీ ప్రపంచంలో అనేక నగరాల మురుగు శుద్ధయ్యేది ఈ పద్ధతిలోనే. అయితే ఆ గాలి ఊదడానికే ప్లాంటు కరెంటులో సగం దాకా, ఒక్కోచోట అంతకు మించి, ఖర్చవుతుంది. గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్లు పూడుకుపోతే ఖర్చు ఇంకా పెరుగుతుంది. వాటిని కడగాలంటే చాలాచోట్ల ట్యాంకు ఖాళీ చెయ్యాలి.

ట్యాంకు ఖాళీ చెయ్యకుండానే డిఫ్యూజర్ల గొట్టాన్ని పైకి లాగి, కడిగి, మళ్ళీ దింపే ఒక బిగింపు మా బావగారు తయారుచేశారు. ఉద్యోగం మానేసి, గరాజిలో రెండేళ్ళు కూర్చుని చేశారు. అక్క గాజులు కూడా అందులోకే వెళ్ళాయి. 1999 మార్చిలో ఒక చిన్న ఊరి ప్లాంటు వాళ్ళు కొన్నారు. ఆ మొదటి ఇన్వాయిస్ రాసింది నేనే. 4,200 డాలర్లు. "ఏమోయ్, బోణీ నీ చేత్తో అయింది" అని మురిసిపోయారు.

2000 మేలో పేటెంటు కోసం లాయరు దగ్గరికి వెళ్ళాం. ఆయన బొమ్మలన్నీ చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "మొదటి ఇన్వాయిస్ తారీఖేమిటి?"

పుస్తకం నా చేతిలోనే ఉంది. చదివాను. పద్నాలుగు నెలలు. అమెరికా చట్టం ప్రకారం వస్తువును అమ్మిన, లేదా అమ్మజూపిన నాటి నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చెయ్యాలి. మేము రెండు నెలలు ఆలస్యం. దానికిక పేటెంటు రాదన్నాడు. ఆ తర్వాత అటువంటి బిగింపు ఎవరు చేసుకున్నా కాదనే హక్కు మాకు లేకపోయింది. కారులో బావగారు ఒక్క మాటా అనలేదు. "బావగారూ, తప్పు నాది" అన్నాను. "నీకేం తెలుసు, ఊరుకో" అన్నారు. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పేటెంటు చట్టం తెలియకపోవడం నా నేరం కాకపోవచ్చు. కానీ గోడ మీద లైసెన్సు ఉన్నవాణ్ణి. కొత్త వస్తువు అమ్ముడుపోతోందని ఇంటివాళ్ళ తర్వాత మొదట తెలిసింది నాకు. "ఎవరినైనా అడిగారా?" అన్న ఒక్క ప్రశ్న వేసి ఉండవలసింది. తెలియని చోట ఆగి, తెలిసినవారి దగ్గరికి పంపడం కూడా లైసెన్సున్నవాడి బాధ్యతేనని ఆ రోజు నాకు తెలిసొచ్చింది.

మేలు చేసే నీటి పనికి పేటెంట్లెందుకని కొందరు పెద్దలు అంటారు. రెండు ఉదాహరణలు చెబుతాను. ఇందాకటి మడ్డి పద్ధతికి పేటెంట్లున్న కంపెనీ మిల్వాకీ నగరం మీద దావా వేసింది. నగరం హక్కును ఉల్లంఘించిందని 1934లో అప్పీలు కోర్టు కూడా తేల్చింది. కానీ ప్లాంటు మూస్తే మురుగంతా మిషిగన్ సరస్సులో కలుస్తుంది కాబట్టి మూయించనని చెప్పింది. హక్కుదారుకు పరిహారం దక్కాలి, ప్రజలకు రోగం రాకూడదు. కోర్టు రెండూ చూసింది.

రెండోది నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞుడు లెటింగా గారిది. 1970లలో గాలి ఊదే అవసరం లేకుండా మురుగును శుద్ధిచేసే యూ.ఏ.ఎస్.బీ. పద్ధతిని రూపొందించి, అందరికీ అందాలని పేటెంటు తీసుకోలేదు. హైదరాబాదులో మూసీ ఒడ్డున అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల సామర్థ్యంతో కట్టిన ప్లాంటు ఆ పద్ధతిదే. ఆ మహానుభావుడు తెలిసి ఇచ్చాడు. మేము తెలియక పోగొట్టుకున్నాం. దానం చెయ్యడం వేరు, పారేసుకోవడం వేరు.

అందుకని ఈ హాల్లో ఉన్న ఇంజనీర్లకు నాలుగు మాటలు. ఒకటి, అమ్మజూపకముందే తాత్కాలిక దరఖాస్తు పెట్టండి. 1995 నుంచి ఆ సౌకర్యం ఉంది. పూర్తి దరఖాస్తుకు పన్నెండు నెలలు గడువిస్తుంది. రెండు, ఇండియాలోను, ఐరోపాలోను మామూలుగా ఆ ఏడాది వెసులుబాటు కూడా లేదు. అక్కడ పని పెట్టుకునేవారు ముందే దాఖలు చెయ్యాలి. మూడు, 2013 మార్చి 16 నుంచి అమెరికాలోను ముందు దాఖలు చేసినవారిదే పైచెయ్యి. నాలుగు, ఉద్యోగంలో చేరిన రోజు సంతకం పెట్టిన కాగితాలు తీసి చదవండి. మీ ఆవిష్కరణ కంపెనీకే చెందుతుందని అందులో రాసి ఉండవచ్చు.

నా తోటి అకౌంటెంట్లకు ఒక్కటే మాట. మీ ఖాతాదారు పుస్తకంలో కొత్త వస్తువు పేరు కనబడితే కలం ఆపి అడగండి.

బావగారు అధైర్యపడలేదు. ఆ బిగింపును మార్చి, మెరుగుపరిచి, 2003లో ఆ మెరుగుదలకు పేటెంటు సంపాదించారు. ఈసారి బొమ్మ గీసిన రాత్రే నాకు ఫోను చేశారు. "ఏమోయ్, ఇంకా ఎవరికీ అమ్మలేదు. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు. ఆ పేటెంటు గడువు కూడా తీరిపోయింది. ఇప్పుడది అందరిదీ. ఆ ఫోను మాత్రం నాకు లైసెన్సు వచ్చిన రోజు కంటే ఎక్కువ సంతోషం ఇచ్చింది.

వంకాయ కూర అయిపోకముందే సెలవు తీసుకుంటాను.