నదీజలమునకు జమాఖర్చు



రజతోత్సవవేళ నన్ను ప్రసంగింపుమన్నవారు భారతమునుండి యొక ఘట్టము చెప్పుదునని తలచియుందురు. ఆ గ్రంథములను చదువుట నాకు నేర్పినది ఈ గ్రంథాలయమే. అయినను నేడు మురుగునీటినిగూర్చి చెప్పుదును. మంగళసమయమున ఇదేమి ప్రస్తావమని విసుగుకొనవలదు. నీటియందు మలమూత్రములను విడువరాదని మన ధర్మశాస్త్రకారులే శాసించిరి. అది తెలిసియు నే నొక తప్పు చేసితిని.

కొన్నియేండ్ల క్రిందట మన వీధికాల్వల నీరు ఎటు పంపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, తిన్నగా ఏటిలోనికి కాల్వ త్రవ్వించుట చౌకయని లెక్కకట్టి చూపినవాడను నేనే. అందరును సంతోషించిరి. మరుసటి వేసవిలో దిగువ గ్రామపు ముసలమ్మ యొకతె బిందె చంకనిడుకొని వచ్చి, "లెక్క బాగానే వేశారు బాబూ! మా బిందె ఏ పద్దులో రాశారు?" అని అడిగినది. నాకు నోట మాట రాలేదు.

ఆ పద్దును వెదకుచు ఇచ్చటి పుస్తకములను తిరుగవేసితిని. లండను నగరపు మురుగంతయు థేమ్సు నదిలో కలియుచుండెడిది. 1858 వేసవిలో దుర్గంధము దుర్భరమై, ఒడ్డున నున్న పార్లమెంటువారే తల్లడిల్లిరి. జోసెఫ్ బజల్జెట్ అను ఇంజనీరు భూగర్భకాల్వలు కట్టించి మురుగును నగరమునకు తూర్పున, దిగువకు కొనిపోయెను. నగరమునకు మేలు కలిగెను. కాని ఆ నీటిని శుద్ధి చేయలేదు. దిగువకు త్రోసిరి, అంతియే. 1878లో ఆ మురుగు విడుచు తావులకు సమీపమున ప్రిన్సెస్ ఆలిస్ అను ఓడ మునిగి 600 మందికి పైగా మరణించిరి. ఆ నీటి రోత అప్పుడు లోకమునకు తెలిసెను. ఆ పిమ్మటనే శుద్ధికి పూనుకొనిరి.

మన మూసీయు అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మురుగును మోసికొని, వాడపల్లియొద్ద కృష్ణలో కలియుచున్నది. ఎగువవాని ఆదా దిగువవానికి అప్పు.

ఆ అప్పును లెక్కించు విధానము కలదు. 25 డిగ్రీల వేడిమిలో లీటరు మంచినీటియందు కరగియుండు ప్రాణవాయువు సుమారు 8 మిల్లీగ్రాములు. ఇదియే నదికి జమ. పట్టణపు మురుగులోని మలినమును సూక్ష్మజీవులు తిని హరించుటకు లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కావలెను. ఇది ఖర్చు. అనగా ఒక్క లీటరు మురుగు 25 లీటర్ల మంచినీటి జమను హరింపగలదు. నది గాలినుండి కొంత మరల తెచ్చుకొనును గాని, ఖర్చు మితిమీరినచో చేపలు ఊపిరాడక చచ్చును. నీరు నల్లబడి కంపుకొట్టును.

శుద్ధికేంద్రము చేయు పని ఈ అప్పును నది గట్టుకు రాకముందే తీర్చుట. మొదట కమ్మీల జల్లెడతో చెత్తను ఆపుదురు. ఇసుకను, మడ్డిని తొట్లలో పేరనిత్తురు. పిదప గాలి నూది సూక్ష్మజీవులచే మిగిలిన మలినమును తినిపింతురు. ఈ పద్ధతిని 1914లో మాంచెస్టరునందు ఆర్డెర్న్, లాకెట్ అనువారు లోకమునకు వెల్లడించిరి. 1957లో ప్రాణములేనిదని శాస్త్రజ్ఞులు తేల్చిన థేమ్సులో, శుద్ధి పెరిగిన పిమ్మట, 1974లో సాల్మన్ చేప మరల చిక్కెను. చచ్చిన నదియు బ్రతుకుననుట కిది సాక్ష్యము.

మనవంటి యూరికి గొప్ప యంత్రము లక్కరలేదు. ఇంటింట స్నానపు నీటికి, బావికి దూరముగా, ఇంకుడుగుంట చాలును. వీధికాల్వ చివర లోతులేని మడుగులు రెండు మూడు వరుసగా త్రవ్వవలెను. ఎండకు పెరిగిన నాచు ప్రాణవాయువు నిచ్చును; సూక్ష్మజీవులు తమ పని తాము చేయును. కొన్నివారములు నిలిచిన ఆ నీరు చెట్లకును పశుగ్రాసమునకును పనికివచ్చును.

ఆ మడుగులకు వ్యయపు లెక్క వ్రాసి నేడు తెచ్చితిని. నా పాత లెక్కకంటె ఇది ఎక్కువే. కాని ఇందు ఆ ముసలమ్మ బిందెయు చేరియున్నది. పెద్దలు దీనిని పరిశీలించి ఆమోదింతురుగాక యని వేడుచు సెలవు తీసికొనుచున్నాను.