ఇంటిలో మూత్రాశయపు ఒత్తిడి లెక్క

ఉగాది పండుగపూట ఈ ముచ్చట యేమిటని అనుకోకండి. సిగ్గుపడి దాచుకొన్న జబ్బే ప్రాణము మీదికి తెస్తుంది.

చెట్టుమీదనుండి పడి వెన్నుపాము దెబ్బతిన్నవారు పల్లెల్లో ఉంటారు. మన బాగేపల్లి ప్రాంతపు బోరునీళ్ళలోని ఫ్లోరైడు కూడ ఏళ్ళ తరబడి ఒంటబడితే, ఎముక పెరిగి వెన్నుపామును నొక్కవచ్చును. అట్టివారికి మూత్రాశయము నిండినా తెలియకపోవచ్చును. నొప్పి లేదుగదా అని ఊరుకుంటారు. లోలోపల ఒత్తిడి హెచ్చి మూత్రపిండాలు చెడిపోతాయి.

పూర్వము ఆవిరి ఇంజను డ్రైవరు బాయిలరు ముల్లు చూచి బండి నడిపేవాడు. ఇదీ అంతే.

1972లో అమెరికా డాక్టరు లాపిడెస్, శుభ్రమైన గొట్టముతో వేళకు మూత్రము తీసుకొనవచ్చునని చూపినాడు. 1981లో మెగ్వైర్ బృందము, మూత్రము కారే వేళ ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటిమట్టము దాటిన పిల్లలకు మూత్రపిండాల ముప్పు హెచ్చని తెలిపినది.

కొలత సులభము, కాని డాక్టరు నేర్పిన పిమ్మటే చేయవలెను. మూత్రము తీసే వేళ రోగి వెల్లకిల పడుకోవాలి. మూత్రపు గొట్టానికి తగిలించిన గాజువంటి గొట్టాన్ని స్కేలు ప్రక్కన నిలువుగా పట్టాలి. పొత్తికడుపు క్రింది ఎముక మట్టము సున్న. మూత్రము ఎన్ని సెంటీమీటర్లు నిలిచితే అంత ఒత్తిడి. అప్పుడు దగ్గరాదు, ముక్కరాదు. తేదీ, వేళ, ఒత్తిడి, మూత్రపు పరిమాణము నోటుబుక్కులో వ్రాయండి. అంకె 40 వైపు నడుస్తుంటే ఆ పుస్తకముతో డాక్టరు వద్దకు వెళ్ళండి. ఆయన వేళలు మార్చునో, మందు ఇచ్చునో చూస్తారు.

పంచాంగములో ఆదాయవ్యయాలు విన్నాము. ఇంట ఇట్టి రోగి ఉంటే ఈ లెక్కా తప్పక చూచుకొందాము.