సరస్సు ఒడ్డున రాకెట్ కేంద్రమా?

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మార్కెట్ (Marquette) అనే పట్టణం దగ్గర, రాకెట్ ప్రయోగ కేంద్రం పెడతామని 2020లో ప్రతిపాదన వచ్చింది. చుట్టుపక్కల వాళ్ళు చాలామంది ఒప్పుకోలేదు. మా నీళ్ళేం కావాలన్నారు. సంఘం కట్టి నిలబడ్డారు.

మరి మన దగ్గర? పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి 1969లో ఎంపిక చేశారు. రెండేళ్ళకే తొలి రాకెట్ ఎగిరింది. గర్వించాల్సిందే. కానీ ఆ దీవి అడవిలో యానాది గిరిజనులు ఉండేవాళ్ళు. తేనె తీసేవాళ్ళు, దుంపలు తవ్వుకునేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు. వాళ్ళు తమ చోటు వదలాల్సి వచ్చింది. వాళ్ళను ముందుగా అడిగి తీరాలనే పర్యావరణ నిబంధన అప్పట్లో లేదు.

ఇప్పుడుంది. కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో, సింధనూరు, మాన్వి క్యాంపుల్లో ఉన్న మన రైతులూ వినండి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం చాలావరకు పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. మీరు అక్కడ మాట్లాడొచ్చు, రాసి ఇవ్వొచ్చు. మళ్ళీ చెబుతున్నాను: మాట్లాడొచ్చు, రాసి ఇవ్వొచ్చు. రక్షణ, వ్యూహాత్మక ప్రాజెక్టులకు మాత్రం మినహాయింపు ఉంది. అలాంటిచోట కూడా గ్రామసభలో తీర్మానం చేసి డిప్యూటీ కమిషనర్ (డీసీ) ఆఫీసులో ఇవ్వండి, రసీదు తీసుకోండి.