వేరుశనగ తెగులు నేర్పిన పాఠము

(పాఠశాల విజ్ఞాన దినోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

ప్రియ విద్యార్థులారా!

మీలో పెక్కుమంది అనంతపురము, చిత్తూరు, కోలారు ప్రాంతముల సేద్యపు కుటుంబములవారు. వానలు లేక కొందరును, పైరు చేతికి రాక కొందరును మీ పెద్దలు హెబ్బగోడికి పనులకై వచ్చిరి. కావున నేడు మన పొలములను పాడుచేసిన ఒక తెగులును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. నేను శాస్త్రజ్ఞుడను గాను. చదివియు, చూచియు తెలిసికొన్నదే చెప్పుచున్నాను.

2000 సంవత్సరమున అనంతపురము జిల్లాలో వేరుశనగ పైరు ఉన్నట్టుండి మాడిపోసాగెను. లేత ఆకులపై మచ్చలు పుట్టి, కాడలు నల్లబడి, కాండము కుళ్ళి మొక్క చచ్చుచుండెను. సుమారు 2,25,000 హెక్టార్లలో తెగులు వ్యాపించెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించెనని అంచనా. మా తమ్ముని చేనును అందులోనిదే. అది మనమెరిగిన మొవ్వకుళ్ళు తెగులే యని తలచి, "జబ్బు మొక్కలను పెరికివేయుము" అని వానికి సలహా యిచ్చితిని. అతడు వారము దినములు పెరికెను. చేను పలుచబడెనే కాని తెగులు ఆగలేదు. గట్టుమీద వయ్యారిభామ తెల్లని పూలతో కళకళలాడుచుండెను. దానివంక మేమిద్దరమును కన్నెత్తి చూడలేదు.

పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ శాస్త్రజ్ఞులు ఈ తెగులును పరిశోధించిరి. వైరస్ సామాన్య సూక్ష్మదర్శినికి అందనిది. ఈ వైరస్ రేణువులను సుమారు 30,000 వరుసగా పేర్చినగాని ఒక మిల్లీమీటరు కాదు. పైన మాంసకృత్తుల తొడుగు, లోపల ఆర్.ఎన్.ఏ. అను అణువు — ఇంతియే దాని శరీరము. పొగాకు మొజాయిక్ వైరస్ అను మరియొక వైరస్ విషయమున, దాని ఆర్.ఎన్.ఏ. మాత్రమే పొగాకు మొక్కకు జబ్బు కలిగింపగలదని 1956లోనే ఋజువైనది. కనుక వైరస్ జాతకమంతయు ఆ అణువులోనే వ్రాయబడియున్నది. శాస్త్రజ్ఞులు జబ్బుపడిన వేరుశనగనుండి వైరస్‌ను వేరుచేసి, ప్రతిరక్షకములతో పరీక్షించి, తొడుగునకు సంబంధించిన జన్యువును అక్షరమక్షరముగా చదివిరి. అది మొవ్వకుళ్ళు వైరస్ కాదు. టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలెను.

మన బెంగుళూరునుండి హైదరాబాదు పోవు బాటలో బాగేపల్లి కలదు. అచ్చట 1997లో ప్రొద్దుతిరుగుడు పైరు ఇట్లే మాడినది. దానికిని ఈ వైరసే కారణమని తేలెను. రెండు పైర్ల వైరసుల తొడుగు జన్యువులును ఇంచుమించు ఒక్కటే. వేరువేరు పొలములలో వేరువేరుగా కనబడిన రెండు వ్యాధుల చుట్టరికమును అణువే చెప్పినది.

ఇక అది చేనిలోనికి వచ్చు దారి వినుడు. వయ్యారిభామలో ఈ వైరస్ ఉన్నను ఆ మొక్కకు జబ్బు కనబడదు. దాని పుప్పొడిలో వైరస్ ఉండును. పూలలో తిరుగు తామరపురుగుల ఒంటికి ఆ పుప్పొడి అంటుకొనును. గాలియు దానిని మోయును. తామరపురుగులు వేరుశనగ ఆకును గీరి తినునపుడు, ఆ గాయములగుండా పుప్పొడిలోని వైరస్ లోనికి ప్రవేశించును. జబ్బుపడిన వేరుశనగనుండి మరియొక వేరుశనగకు సాధారణముగా వ్యాపింపదు. మా తమ్ముడు పెరికిన మొక్కలు బాధితులు మాత్రమే. తెగులునకు మూలము గట్టుమీద నవ్వుచుండెను!

వైరస్ సోకిన మొక్కను బాగుచేయు మందు లేదు. కాని మూలము తెలిసినందున ఉపాయము దొరకినది: వయ్యారిభామను పూతకు రాకమునుపే పెరికివేయుట, చేని చుట్టును జొన్నగాని సజ్జగాని నాలుగు సాళ్ళు దట్టముగా విత్తుట, విత్తనశుద్ధి చేసి మొక్కలు పలుచబడకుండ చూచుకొనుట. ఇవి పేదరైతుకును సాధ్యములే. ఇంత చిన్న ఉపాయమునకు వెనుక అంత పెద్ద పరిశోధన కలదు.

విద్యార్థులారా! మన బడి చుట్టునున్న ఖాళీ స్థలములలో వయ్యారిభామ విరివిగా పెరుగుచున్నది. దానిని గుర్తుపట్ట నేర్చుకొనుడు. వట్టిచేతులతో తాకకుడు, ఒంటికి దురదలు పుట్టించును. ఊరికి పోయినపుడు తాతగారిని గట్టుమీదికి తీసికొనిపోయి, ఆ మొక్కను చూపి, నేడు విన్నది మన తెలుగులో చెప్పుడు. ఆనాడు మా తమ్మునికి నేను చెప్పలేకపోయిన మాట అదియే. కన్నుతో చూచి నిర్ణయించుటకు ముందు విచారించి తెలిసికొనవలెనని ఆ చేను నాకు నేర్పినది. మీకు అంత మూల్యము చెల్లింపకయే ఆ పాఠము దక్కుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.