బ్యాంకు రుణం రాకపోతే: ఇల్లు కొనేవారి బాధ్యత, అమ్మేవారి ధర్మం

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు సర్వలోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు కురియుగాక!

విశ్వాసులారా! అల్లాహ్ యందు భయభక్తులు కలిగి మెలగవలసిందిగా ముందుగా మాకు మేము, ఆ తర్వాత మీకు ఉపదేశిస్తున్నాము. తఖ్వా మస్జిదులో వదిలి వెళ్లే వస్తువు కాదు. అది మనతోపాటు బజారుకు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి కూడా నడచి రావాలి. కనుక నేడు మన ఇళ్లలో తరచుగా ఎదురవుతున్న ఒక వ్యవహారాన్ని గురించి మాట్లాడదలిచాము.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక సోదరుడు 60 లక్షల రూపాయలకు ఫ్లాటు బేరం కుదుర్చుకొని 5 లక్షలు బయానాగా ఇచ్చాడు. మిగతా సొమ్ము 3 నెలల్లో చెల్లించి రిజిస్ట్రేషన్ చేయించుకుంటానని అగ్రిమెంటుపై సంతకం చేశాడు. ఆ సొమ్ములో అధిక భాగం బ్యాంకు నుంచి రావలసి ఉంది. గడువు దగ్గర పడిన వేళ బ్యాంకు రుణం ఇవ్వలేమన్నది. ఈలోపు అమ్మే వ్యక్తి ఆ ఇంటిని ఇతరులకు చూపడం మానివేశాడు. రాబోయే డబ్బును నమ్ముకొని తాను మరొకచోట స్థలానికి బయానా కూడా ఇచ్చాడు. ఇప్పుడు కొనేవాడు "లోను రాలేదు, నేనేం చేయగలను?" అంటాడు. అమ్మేవాడు "ఇక బయానా సంగతి మరచిపో" అంటాడు. ఇద్దరూ నమాజు చేసేవారే. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడేవారే. వీరిద్దరి మధ్య న్యాయం ఏమిటి?

సోదరులారా! సూరహ్ అల్ మాయిదా మొదటి ఆయతులోనే అల్లాహ్ విశ్వాసులను పిలిచి, చేసుకున్న ఒప్పందాలను నెరవేర్చమని ఆజ్ఞాపించాడు. చేసిన వాగ్దానం గురించి ప్రళయ దినాన ప్రశ్నించబడతారని సూరహ్ బనీ ఇస్రాయీల్ 34వ ఆయతు హెచ్చరిస్తోంది. ఆ అగ్రిమెంటుపై ఎవరి సంతకాలు ఉన్నాయో చూడండి. కొనేవానిది ఉంది, అమ్మేవానిది ఉంది, సాక్షులవి ఉన్నాయి. బ్యాంకు సంతకం లేదు. మాట ఇచ్చినది మనం. కాబట్టి బ్యాంకు కాదన్నంత మాత్రాన మన మాట దానంతటదే రద్దయిపోదు.

అయితే సామర్థ్యానికి మించిన భారాన్ని అల్లాహ్ ఎవరిపైనా మోపడు. డబ్బు సమకూరుతుందో లేదో తెలియనివాడు ముందుగానే ఏం చేయాలో మన పూర్వీకుల ఆచరణలో చక్కని ఆదర్శం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్ కాలంలో మక్కాలో ఆయన ప్రతినిధిగా ఉన్న నాఫె బిన్ అబ్దుల్ హారిస్, కారాగారం కొరకు సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద ఒక ఇంటిని కొన్నారు. ఉమర్ అంగీకరిస్తే బేరం ఖాయమని, అంగీకరించకపోతే సఫ్వాన్‌కు 400 చెల్లుతాయని ముందే షరతు పెట్టుకున్నారు. ఇమామ్ బుఖారీ ఈ ఉదంతాన్ని తన గ్రంథంలో ప్రస్తావించారు.

ఇది కూడా ఇంటి బేరమే. ఇక్కడ కూడా తుది నిర్ణయం కొంటున్న వ్యక్తి చేతిలో లేదు, మరొకరి అంగీకారంపై ఆధారపడి ఉంది. కానీ నాఫె ఆ సంగతిని దాచలేదు. బేరం తప్పితే ఎవరికి ఎంత చెల్లాలో ముందే తేల్చుకున్నారు. అందుకే అక్కడ వివాదానికి తావు లేకపోయింది.

బేరంలో నిర్ణీత గడువు వరకు వెనక్కి తగ్గే హక్కును షరతుగా పెట్టుకోవడాన్ని మన ధర్మశాస్త్రం 'ఖియారె షర్త్' అంటుంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దానికి 3 రోజుల పరిమితి విధించగా, ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) స్పష్టంగా నిర్ణయించుకున్న ఏ గడువైనా చెల్లుతుందన్నారు. కనుక ఇల్లు కొనే సోదరులారా! మీ డబ్బు మరొకరి నిర్ణయంపై ఆధారపడి ఉంటే, అగ్రిమెంటులో ఒక్క వాక్యం రాయించండి: "రుణం మంజూరు కాకపోతే, ఫలానా తేదీలోగా తెలియజేసినచో బయానా పూర్తిగా తిరిగి ఇవ్వవలెను." గడువుతో కూడిన అప్పుల వ్యవహారాన్ని రాసుకోమని సూరహ్ అల్ బఖరా 282వ ఆయతులో అల్లాహ్ ఎంతో వివరంగా బోధించాడు. రాత అపనమ్మకానికి గుర్తు కాదు, స్నేహానికి కాపలా.

అటువంటి షరతు రాసుకోకుండానే రుణం ఆగిపోతే కొనేవానిపై కొన్ని బాధ్యతలు ఉన్నాయి.

మొదటిది, తెలిసిన రోజునే చెప్పడం. బ్యాంకు తిరస్కరించిన సంగతి తెలిసి కూడా "వచ్చే వారం వస్తుంది" అంటూ కాలం గడపడం అబద్ధం. మాట్లాడితే అబద్ధమాడడం, మాట ఇచ్చి తప్పడం, నమ్మితే ద్రోహం చేయడం కపటి లక్షణాలని మహాప్రవక్త (సల్లం) చెప్పారు. ఈ ఒక్క వ్యవహారంలో ఆ మూడూ చోటు చేసుకునే ప్రమాదం ఉంది.

రెండవది, కారణాన్ని నిజాయితీగా చెప్పడం. పాత అప్పులు దాచిపెట్టినందువల్లనో, లేని ఆదాయాన్ని చూపినందువల్లనో రుణం ఆగిపోతే, దానిని అమ్మేవాని కాగితాలపైకి నెట్టడం ఘోరమైన పాపం.

మూడవది, ధర్మసమ్మతమైన ఇతర మార్గాల కొరకు ప్రయత్నించడం. ఉన్న స్థలమో బంగారమో అమ్మడం, బంధువుల వద్ద ఖర్జె హసనా అడగడం, మరికొంత గడువు మర్యాదగా కోరడం ఇందులోకి వస్తాయి.

నాల్గవది, కొనలేమని తేలిపోయాక ఆ ఇంటిని బందీ చేయకుండా వదలిపెట్టడం. తీసుకున్న పత్రాల నకళ్లను తిరిగి ఇచ్చి, రద్దు పత్రంపై సంతకం చేయాలి. డబ్బు కట్టే ఉద్దేశం లేకుండా కేవలం ఒత్తిడి తేవడానికి కోర్టులో కేసు వేసి ఆ ఇంటి అమ్మకాన్ని నిలిపివేయడం అన్యాయం.

ఐదవది, మన మాటను నమ్మినందువల్ల ఎదుటివానికి నిజంగా నష్టం కలిగితే దానిని భరించడానికి సిద్ధపడడం.

ఇంకొక మాట. "వడ్డీ రుణం రాకపోవడం అల్లాహ్ నన్ను కాపాడినట్లే, ఇక నాకే బాధ్యతా లేదు" అని కొందరు అంటారు. వడ్డీ హరామ్ అనడంలో సందేహం లేదు. దాని నుంచి తప్పించుకున్నవాడు అల్లాహ్‌కు కృతజ్ఞతలు తెలుపుకోవలసిందే. కానీ వడ్డీ నుంచి చేసే తౌబా అల్లాహ్‌కూ దాసునికీ మధ్య విషయం. అమ్మేవాని హక్కు దాసుల హక్కులలోనిది. ఆ తౌబా దానిని కొట్టివేయదు. దానిని తీర్చాలి, లేదా హక్కుదారుని క్షమాపణ పొందాలి.

అల్లాహ్ మనందరినీ మన్నించుగాక! ఆయన అమితంగా క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు వర్షించుగాక!

ఇక అమ్మే సోదరులారా! ఇప్పుడు మీ వంతు. ఒకరి సొమ్మును మరొకరు అన్యాయంగా తినవద్దని, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారమే సమ్మతమని సూరహ్ అన్ నిసా 29వ ఆయతు బోధిస్తోంది. బేరం తప్పితే బయానా అమ్మేవానికే దక్కాలన్న షరతును హనఫీ, మాలికీ, షాఫియీ పండితులు సమ్మతించలేదు. దానిని నిషేధించే హదీసు ఇమామ్ మాలిక్ 'మువత్తా'లోనూ, అబూ దావూద్‌లోనూ ఉంది. ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్ (రహ్మ) మాత్రం నాఫె ఉదంతాన్ని ఆధారంగా తీసుకొని దానిని అనుమతించారు. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1993లో, నిరీక్షణ గడువు నిర్ణయించుకున్న పక్షంలో అది చెల్లుతుందని తీర్మానించింది.

మన దేశ చట్టం కూడా హద్దు గీసింది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా సమంజసమైన పరిహారమే ఇప్పిస్తుంది. బయానాను జప్తు చేయాలంటే అది ఒప్పంద పాలనకు హామీగా ఇచ్చిన సొమ్మని, మాట తప్పితే పోతుందని స్పష్టంగా రాసి ఉండాలని, ధరలో భాగంగా ఇచ్చిన సొమ్మును అలా జప్తు చేయరాదని సుప్రీం కోర్టు 2012లో తీర్పు చెప్పింది.

కాబట్టి ముందు కారణం చూడండి. లింకు డాక్యుమెంట్లు సరిగా లేకనో, అనుమతి లేకుండా అంతస్తు వేసినందుకో బ్యాంకు నిరాకరిస్తే, ఆ లోపం మీది. బయానా చివరి రూపాయి వరకు తిరిగి ఇవ్వాలి. లోపం కొనేవానిదైతే మీకు నిజంగా జరిగిన నష్టాన్ని లెక్కకట్టండి. ఇందాకటి ఉదాహరణలో, తాను మరొకచోట ఇచ్చిన బయానాలో అమ్మేవానికి 1 లక్ష పోయిందనుకుందాం. ఆ లక్ష గురించి మాట్లాడుకోవచ్చు. మిగిలిన 4 లక్షలు ఏ హక్కుతో ఉంచుకుంటాడు? అవి మరొక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నవి. అగ్రిమెంటులోని ఒక వాక్యం కోర్టులో గెలిపించవచ్చు. అల్లాహ్ ముందు దానికి జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

ఇక ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండా, ఉద్యోగం పోయో ఇంట్లో జబ్బు వచ్చో బేరం ఆగిపోతే, అది దయ చూపవలసిన సమయం. ఇబ్బందుల్లో ఉన్న రుణగ్రస్తునికి వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వమని అల్లాహ్ ఆదేశించాడు. వదలిపెట్టడం ఇంకా మేలన్నాడు. బేరం నుంచి తప్పుకోదలచిన ముస్లిమును విడిచిపెట్టినవాని తప్పులను అల్లాహ్ ప్రళయ దినాన మన్నిస్తాడని మహాప్రవక్త (సల్లం) శుభవార్త వినిపించారు. ఈ హదీసు అబూ దావూద్, ఇబ్నె మాజాలలో ఉంది. మన ధర్మం దీనిని 'ఇఖాలా' అంటుంది. మన తప్పులు లెక్కలేనన్ని. వాటి మన్నింపుకు ఇంతకంటే చవకైన బేరం ఎక్కడ దొరుకుతుంది?

మాట కుదరకపోతే పోలీసు స్టేషనుకు వెళ్లేముందు ఇరువురూ నమ్మే ఇద్దరు పెద్దలను కూర్చోబెట్టుకోండి. కాగితాలు, లెక్కలు వారి ముందు పెట్టండి. వారి నిర్ణయాన్ని రాసుకొని సంతకాలు చేయండి.

ఓ అల్లాహ్! మా మాటల్లో సత్యాన్ని, మా ఒప్పందాల్లో నిజాయితీని ప్రసాదించు. ఇల్లు లేనివారికి హలాల్ సంపాదనతో నీడ కల్పించు. వడ్డీ ఊబి నుంచి మమ్మల్ని రక్షించు. కొనేవారికి నిజం చెప్పే ధైర్యాన్ని, అమ్మేవారికి వదలిపెట్టే విశాల హృదయాన్ని అనుగ్రహించు. ఆమీన్.

అల్లాహ్ దాసులారా! అల్లాహ్ న్యాయాన్ని, సత్కార్యాన్ని ఆదేశిస్తున్నాడు, అన్యాయాన్ని వారిస్తున్నాడు. ఆయనను స్మరించండి. నమాజుకు లేవండి.