పునాదికి ముందు అనుమతి



కోతలు ముగిసి, ధాన్యం అమ్ముడై, చేతిలో నాలుగు డబ్బులు ఆడేవేళ ఇల్లు కట్టుకోవాలన్న ఆలోచన రావడం సహజం. ఊళ్లో పాత ఇల్లు ఇరుకైంది. పొలం దగ్గరే ఇల్లు వేసుకుంటే పశువులకూ పైరుకూ కాపలాగా ఉంటుంది అనుకుంటాం. మంచి ఆలోచనే. కాని మేస్త్రీని పిలిచినంత తొందరగా పంచాయతీ ఆఫీసుకు పోము. "మా పొలం, మా డబ్బు. మధ్యన ఒకరిని అడిగేదేముంది?" అంటాం. ఆ సంగతే ఈ వేళ చెప్పుకుందాం. నేను చెప్పేవి తెలంగాణ పల్లెలకు సంబంధించిన మాటలు.

మొదట ఒకటి గుర్తుంచుకోండి. పట్టాదారు పాసుపుస్తకం ఉన్నదంటే భూమి మీద మీకు హక్కు ఉన్నదని అర్థం. అందులో ఇల్లు కట్టడానికి అనుమతి ఉన్నదని కాదు. ఇంటిపన్ను రసీదు కూడా అంతే. పన్ను కట్టినంత మాత్రాన అనుమతి లేని ఇంటికి అనుమతి వచ్చినట్టు కాదు.

అందుచేత ముందు నేల ఎటువంటిదో చూసుకోండి. గ్రామకంఠంలోని స్థలమైతే అది ఇండ్ల కోసం ఉన్న నేలే. పంచాయతీ అనుమతి చాలు. కొన్న ప్లాటైతే ఆ లేఔటుకు మంజూరు ఉన్నదా అని అడగండి. ఒట్టి పంచాయతీ ముద్ర చూసి మోసపోకండి. లేఔటుకు పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ వారి సాంకేతిక ఆమోదం కావాలి. ఇక సాగు భూమి అయితే, 2006 నాటి చట్టం ప్రకారం దానిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. దరఖాస్తు పెట్టి రుసుము చెల్లిస్తే ఆ పని జరుగుతుంది. చెప్పకుండా కట్టుకుంటే రుసుముతోపాటు జరిమానా కూడా పడుతుంది.

పొలమంతా మార్పించనక్కరలేదు, ఇంటికి కావలసినంత మేరకే మార్పించుకోండి. మార్చిన గుంటలు సాగు లెక్కలో నుంచి పోతాయి; వాటిపై పంట పెట్టుబడి సాయం రాదు.

ఇక్కడే ఒక చిన్న లెక్క ఉన్నది. 300 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి గ్రామ పంచాయతీయే అనుమతి ఇస్తుంది. అంతకు మించితే పైవారి సాంకేతిక ఆమోదం కావాలి. 300 చదరపు మీటర్లంటే సుమారు 359 గజాలు. గుంటకు 121 గజాల చొప్పున మూడు గుంటలు 363 గజాలవుతాయి. అంటే "మూడు గుంటలే కదా" అనుకున్నది కూడా నాలుగు గజాలతో హద్దు దాటుతుంది! కొలిపించిన తరువాతే దరఖాస్తు పెట్టండి.

రెండవది నీటి హద్దు. ఎండాకాలంలో చెరువు వెనుక నేల చదునుగా, ముచ్చటగా కనిపిస్తుంది. శిఖం భూమికి పట్టా ఉన్నా, అది నీరు తీసినప్పుడు సాగు చేసుకునేందుకే గాని ఇల్లు కట్టేందుకు కాదు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణం గల చెరువైతే నిండుమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకు చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగుకూ 9 మీటర్లు వదలాలి. పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోని పల్లెలకు ఇది నిబంధన; తక్కిన పల్లెల వారు కూడా ఈ కొలత పాటిస్తే మేలు. కాగితాన్ని ఒప్పించవచ్చు గాని వాగును ఒప్పించలేము.

ఇంత శ్రమ ఎందుకంటారా? ఇంటి అప్పు ఇచ్చే బ్యాంకు మొదట అడిగేది అనుమతి పత్రం, మంజూరైన నక్షా. రేపు ఇల్లు అమ్మాలన్నా కొనేవాడు అడిగేది అదే. అనుమతి లేని కట్టడానికి నోటీసు వస్తే, జీవితకాలపు కష్టార్జితం ఆ గోడల్లోనే చిక్కుకుంటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

పశువుల కొట్టానికీ, కోళ్ల షెడ్డుకూ భూమి మార్పిడి కావాలా, అక్కరలేదా అన్నది ముందే తహశీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇంటికి వేరే కరెంటు మీటరు పెట్టించుకోండి. బావి మోటారు కరెంటును ఇంటికి లాగకండి.

విస్తరణాధికారులకు ఒక మనవి. పొలం చూడబోయినప్పుడు ఇటుకలు, కంకర కుప్పలు కనబడితే, పంట సంగతితోపాటు "అనుమతి తీసుకున్నారా?" అని ఒక్క మాట అడగండి. ఆ ఒక్క ప్రశ్న ఆ కుటుంబాన్ని పెద్ద నష్టం నుంచి కాపాడవచ్చు.

చివరగా మూడు పనులు: నేల రకం తెలుసుకోండి, హద్దులు కొలిపించండి, దరఖాస్తు ఇచ్చి రసీదు పుచ్చుకోండి. అనుమతి చేతికి వచ్చాకనే ముగ్గు పోయండి. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు; కట్టేముందు కాగితం చూడు అని మనం కలుపుకుందాం.

సెలవు.