కొండ అడిగిన కాలేబు: నలభై దాటాక మన ఒంటి బలం

(షోలాపూర్‌లో తెలుగు సంఘాల కుటుంబ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట మీరు నాకిచ్చిన అంశం వ్యాయామం. "పాస్టరుగారు వాక్యం మానేసి డ్రిల్లు మాస్టరు పని మొదలుపెట్టారేమిటి?" అని వెనక వరుసలో ఎవరైనా అనుకుంటే తప్పులేదు. అయితే మన సంఘాలకు వారం వారం వచ్చే ప్రార్థన చీటీలు గుర్తుచేసుకోండి. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, షుగర్, బీపీ, స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగిన తల్లి. వీటికోసం మనం ప్రార్థిస్తాం, ప్రార్థించాలి కూడా. వీటిలో కొన్నిటిని రాకుండా ఆపడానికి, వచ్చినవాటిని అదుపులో ఉంచడానికి దేవుడు మన ఒంట్లోనే ఒక దారి పెట్టాడు. దాని గురించి మాట్లాడుకుందాం.

యెహోషువ గ్రంథం 14వ అధ్యాయంలో కాలేబు ఉన్నాడు. మోషే అతన్ని వేగు చూడడానికి పంపినప్పుడు వయసు 40. ఆ తర్వాత 45 ఏళ్లు గడిచాయి. 85 ఏళ్ల మనిషి యెహోషువ ముందు నిలబడి, ఆ రోజు ఎంత బలముందో ఈ రోజూ అంతే ఉందని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. చదునైన పొలం అడక్కుండా కొండ ప్రదేశం అడిగాడు. అక్కడ బలమైన శత్రువులున్నారని తెలిసే అడిగాడు. అతని బలం దేవుని కృప. ఆ బలాన్ని అతడు దేనికి వాడాలనుకున్నాడో గమనించండి. చేయవలసిన పని ఇంకా మిగిలి ఉంది, అందుకు ఒంట్లో సత్తువ కావాలి. నలభై దాటిన మనం వ్యాయామం గురించి మాట్లాడాల్సింది కూడా ఇక్కడినుంచే. అద్దంలో అందం కోసం కాదు, మిగిలిన పని కోసం.

పౌలు వ్యాయామం వద్దన్నాడా?

మనలో చాలామంది 1 తిమోతి 4:8 చూపిస్తారు. శరీర సాధన వల్ల లాభం కొంచెమేనని పౌలే రాశాడు కదా అంటారు. ఆ అధ్యాయం మొదటినుంచి చదవండి. పెళ్లి వద్దు, ఫలానా ఆహారం తినవద్దు అంటూ శరీరాన్నే తక్కువ చేసి మాట్లాడేవారికి పౌలు అక్కడ జవాబు చెబుతున్నాడు. దేవుడు సృష్టించిన ప్రతిదీ మంచిదని అంటున్నాడు. దైవభక్తి లాభం ఈ జీవితానికీ రాబోయే జీవితానికీ సరిపోతుంది, శరీర సాధన లాభం అంత దూరం రాదు అని పోలుస్తున్నాడు. కొంచెం లాభం అంటే లాభమే, పాపం కాదు.

ఆ పౌలే అపొస్తలుల కార్యములు 20:13లో తోటివారిని ఓడ ఎక్కించి, తాను మాత్రం త్రోయ నుంచి అస్సు వరకు కాలినడకన వెళ్లాడు. అది సుమారు 30 కిలోమీటర్ల దారి. ఎమ్మాయు వెళ్లిన ఇద్దరు శిష్యులు చీకటిపడే వేళకు అక్కడికి చేరి, ప్రభువును గుర్తుపట్టిన గడియలోనే లేచి తిరిగి యెరూషలేముకు వెళ్లారు. పునరుత్థాన వార్త ఆ రాత్రి కాళ్ల మీదే నడిచి వెళ్లింది.

"మా పనే మాకు వ్యాయామం"

ఇంకో మాట కూడా వింటాను. "సారు, మేమేమైనా ఆఫీసులో కూర్చునేవాళ్లమా? పొద్దున్నుంచి రాత్రిదాకా కష్టం చేసేవాళ్లం. మాకు వేరే వ్యాయామం ఎందుకు?" న్యాయమైన ప్రశ్న ఇది.

1953లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు, ఆయన సహచరులు సిటీ బస్సుల సిబ్బంది మీద చేసిన పరిశోధన ప్రచురించారు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగా, కండక్టర్లలో తక్కువగా కనిపించింది. ఒళ్లు కదిలితే గుండెకు మేలని లెక్కలతో చూపిన తొలి పరిశోధనల్లో ఇదొకటి.

మరి మన పనుల సంగతి చూద్దాం. ఈ ఊళ్లో మన అక్కలు చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి బీడీలు చేస్తారు. లెక్క వెయ్యి బీడీలకింత అని. వేళ్లు ఆగకుండా ఆడుతుంటాయి, నడుము వంగి ఉంటుంది, కాళ్లు గంటల తరబడి మడతలోనే ఉంటాయి. కష్టం చాలా ఉంది, కానీ కాళ్లకూ గుండెకూ అందిన కదలిక దాదాపు లేదు. సాంచాల మీద పనిచేసే అన్నలు షిఫ్టంతా నిలబడే ఉంటారు. కదలిక ఉన్నా అదే చేయి, అదే భుజం, అదే మోత. చెన్నైలో తరతరాలుగా వీధులు ఊడ్చిన మన తెలుగు కుటుంబాలను, 2001లో మూతపడేదాకా కోలారు బంగారు గనుల్లోకి దిగినవారిని అడగండి. కష్టం వాళ్లకు తక్కువైందా? అయినా ఆ ఒళ్లు ఎందుకు అరిగిపోయింది?

శరీరం బలపడే పద్ధతిలోనే జవాబుంది. కండ మీద భారం పడాలి, తర్వాత తిండి అందాలి, విశ్రాంతి దొరకాలి. ఆ విశ్రాంతిలోనే కండ తనను తాను బాగుచేసుకుని గట్టిపడుతుంది. భారం మాత్రమే ఉండి విశ్రాంతి లేకపోతే కండ, కీలు, ఎముక అరుగుతాయి. చాకిరీకీ వ్యాయామానికీ తేడా ఇదే. బరువైన కూలిపని వల్ల వ్యాయామమంత మేలు జరగడం లేదని ఇటీవలి పరిశోధకులు కూడా చెబుతున్నారు. ఎప్పుడు ఆగాలో వ్యాయామంలో మీరే నిర్ణయిస్తారు. పనిలో యజమాని నిర్ణయిస్తాడు.

నలభై తర్వాత లోపల ఏం జరుగుతుంది?

ముప్పై దాటిన దగ్గర్నుంచి, వాడకపోతే, పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం వరకు కండ తగ్గుతూ వస్తుంది. 60 దాటాక ఆ వేగం పెరుగుతుంది. ముట్లు ఆగిపోయిన తర్వాత అక్కలకు ఎముకలు కూడా త్వరగా పలచబడతాయి. తిన్న తిండిలోని చక్కెరను ఎక్కువగా తీసుకునేది కండే. కండ తగ్గి కదలిక కూడా తగ్గితే రక్తంలో చక్కెర నిలుస్తుంది. కాళ్లలో బలం తగ్గితే తూలి పడతాం, పలచబడిన ఎముక విరుగుతుంది. ప్రార్థన చీటీల్లో విడివిడిగా రాసే జబ్బులు లోపల ఇలా కలిసే ఉంటాయి.

"నాకిప్పుడు అరవై, ఇంకేం చేస్తాం" అనేవారికి ఒక సంగతి చెబుతాను. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల సంరక్షణాలయంలో చేసిన పరిశోధన వెలువడింది. అందులో పాల్గొన్నవారు 10 మంది, అందరూ 86 నుంచి 96 ఏళ్ల మధ్యవారే. వారానికి మూడు రోజుల చొప్పున 8 వారాలు కాళ్లతో బరువులు ఎత్తించారు. చివరిదాకా చేసినవారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టి నడిచారు. తొంభైలో కండ మాట వింటే యాభైలో వినదా?

ఇంట్లో ఏం చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ఇది: వారానికి కనీసం 150 నిమిషాలు చురుకైన నడకలాంటి శ్రమ, రెండు రోజులు కండబలం పెంచే వ్యాయామం. 65 దాటినవారికి మూడు రోజులు తూలిపోకుండా నిలబడే సాధన కూడా కావాలి. రోజుకు 30 నిమిషాల చొప్పున అయిదు రోజులు నడిస్తే ఆ 150 పూర్తవుతాయి. ఒకేసారి కుదరకపోతే పది పది నిమిషాలుగా నడవండి. అన్నం తిన్నాక నడిస్తే షుగర్‌కు మరీ మంచిది. ఎంత వేగంగా నడవాలంటే, పక్కవారితో మాట్లాడగలగాలి, కీర్తన మాత్రం పాడలేకపోవాలి.

కండబలానికి జిమ్ము ఫీజు కట్టనక్కర్లేదు. గట్టి కుర్చీని గోడకానించి, చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి, వెనక్కి నెట్టండి. తలుపు చట్రం పట్టుకుని మడమలు పైకి లేపి దించండి. రెండు సంచుల్లో రెండేసి కిలోల బియ్యం పోసి, రెండు చేతులా పట్టుకుని నడవండి. గోడ పక్కనే ఉండి ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడండి. ఊపిరి బిగపట్టకండి. తేలికైపోయిందనిపిస్తే కొంచెం పెంచండి, మధ్యలో ఒక రోజు ఆ కండకు సెలవివ్వండి. పప్పు, శనగలు, గుడ్డు, పెరుగు, చేప, వీటిలో మీకందేది రోజూ తినండి.

జాగ్రత్తలు మరవొద్దు. గుండెజబ్బు ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు ముందు డాక్టరును అడగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, మామూలుకు మించిన ఆయాసం వస్తే వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లాలి. షుగర్ మందులు వాడేవారు జేబులో చక్కెర ఉంచుకోండి, చెప్పులు లేకుండా నడవకండి. మన ఊరి ఎండాకాలంలో తెల్లవారకముందే ముగించండి.

విశ్రాంతి కూడా ఆజ్ఞే

ఇంతవరకు చెప్పింది విని, "మాకు టైమేదీ?" అని మన అక్కలు లోలోపల అనుకుంటున్నారని నాకు తెలుసు. రాత్రి బీడీలు కట్టి, తెల్లవారి నీళ్లు పట్టి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపే తల్లికి "వాకింగ్ చెయ్యమ్మా" అని చెప్పి వెళ్లిపోతే అది బోధ కాదు, ఇంకో భారం. ద్వితీయోపదేశకాండము 5:14లో దేవుడు విశ్రాంతి దినం ఇచ్చినప్పుడు యజమానికే ఇవ్వలేదు. దాసుడికి, దాసికి, ఎద్దుకు, గాడిదకు కూడా ఇచ్చాడు. కష్టజీవి ఒంటికి విశ్రాంతి దయతో ఇచ్చేది కాదు, అది ఆమె హక్కు.

అందుకని సంఘంగా మనం మూడు పనులు చేద్దాం. మొదటిది, మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం ప్రార్థనకు ముందు అరగంట మందిరం హాలు వ్యాయామానికి తెరుద్దాం. బయట నడిస్తే మాటలు పడాల్సి వస్తుందని జంకే అక్కలకు అది భయంలేని చోటు. రెండవది, ఆ రెండు సాయంత్రాలు ఇంట్లో పొయ్యి దగ్గర అన్నలు నిలబడాలి. భార్య ఆరోగ్యం కోసం ప్రార్థించే భర్త అన్నం వండితే ఆ ప్రార్థనకు చేతులు వచ్చినట్టే. మూడవది, మన బస్తీలో లైట్లున్న నడక స్థలం కోసం, కార్ఖానాల్లో వారానికొక జీతంతో కూడిన సెలవు కోసం అందరం కలిసి అడుగుదాం. సంతకాలు సేకరించి కార్పొరేటర్ దగ్గరికి నడిచే వెళ్దాం.

యౌవనస్థులారా, మీ జిమ్ము మీ సెల్ఫీ దగ్గరే ఆగకూడదు. ఒక్కొక్కరు ఒక పెద్దమనిషిని ఎంచుకోండి. ఆ అమ్మమ్మ కుర్చీలోంచి లేస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టండి.

ఒక మాట స్పష్టం చేయాలి. బలం ఉన్నవాడు పరిశుద్ధుడు, లేనివాడు విశ్వాసం తక్కువవాడు అని ఎవరూ అనకండి. మంచం పట్టినవారు, వికలాంగులు ఈ దేహంలో అవయవాలే. లేవగలిగిన మన బలం వాళ్లను కూడా మోయడానికే. పక్షవాయువు గలవాణ్ణి యేసు దగ్గరికి తెచ్చింది నలుగురు. వాళ్లు అతన్ని మంచంతో సహా ఇంటి కప్పు మీదికి ఎక్కించారు. ఆ విశ్వాసానికి భుజబలం కూడా తోడైంది.

వచ్చే మంగళవారం ఆరు గంటలకు హాలు తెరిచి ఉంటుంది. చెప్పులేసుకుని, మంచినీళ్ల సీసా పట్టుకుని రండి. మన ఒంటికి సత్తువను, మన శ్రమకు విశ్రాంతిని ప్రభువు దయచేయును గాక. ఆమేన్.